గేముల్లో గార్డులు ఇంకా ఎందుకంత మొద్దుల్లా ఉన్నారు?

ప్రశ్న ఏంటంటే, ఏఐ ఇప్పుడు వ్యాసాలు రాస్తోంది, బొమ్మలు గీస్తోంది, గో ఆటలో చాంపియన్‌ని కూడా ఓడించేసింది, మరి గేముల్లో గార్డు మాత్రం పక్కనోడి శవం చూసి ఓ అరనిమిషం అటూ ఇటూ తిరిగి "ఏం లేదులే" అనుకుని మళ్ళీ తన చోటికి వెళ్ళి నిలబడతాడేంటి, ఈ ఎల్‌ఎల్‌ఎంలు (చాట్‌జీపీటీ లాంటి, మనిషిలా మాటలు రాసే ఏఐలు) వచ్చాకైనా వాడికి బుద్ధొస్తుందా, సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో చూపించినట్టు నిజంగా ఆలోచించే క్యారెక్టర్లు గేముల్లోకి ఎప్పుడొస్తాయి అని. మంచి ప్రశ్నే. నేను పదిహేడేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, అంటే శత్రువులు ఎటు నడవాలి, ఎప్పుడు దాక్కోవాలి, ఎప్పుడు కాల్చాలి అని కోడ్ రాసే పని, కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను, ఓపికుంటే చదవండి.

ముందు అసలు విషయం. ఆ గార్డుకి మీరెక్కడున్నారో తెలుసు. ఎప్పుడూ తెలుసు. మీరు మెనూ దాటి లెవెల్‌లో అడుగుపెట్టిన క్షణం నుంచీ మీరున్న చోటుని చెప్పే ఎక్స్, వై, జెడ్ మూడు అంకెలు వాడికి అందుబాటులోనే ఉంటాయి, ఒక్క లైన్ కోడ్ రాస్తే మీరు గోడ వెనక ఉన్నా పెట్టెలో దూరినా నేరుగా వచ్చి తలకి గురిపెట్టి కాలుస్తాడు, గురి తప్పడు కూడా. అలాంటి గార్డుని రాయడానికి నాకు ఒక పూట చాలు. వాడికి మీరు కనబడనట్టు, వినబడనట్టు, అనుమానం వచ్చినట్టు, వెతికినట్టు, విసుగొచ్చి వదిలేసినట్టు నటించడం నేర్పడానికే నెలలు పడుతుంది. మా జీతమంతా ఆ నటనకే.

చిన్నపిల్లలతో దాగుడుమూతలు ఆడారా ఎప్పుడైనా? కర్టెన్ వెనక దాక్కుంటారు, కింద కాళ్ళు కనబడుతూనే ఉంటాయి, కిసకిస నవ్వు కూడా వినబడుతుంటుంది, అయినా మనం "ఎక్కడికి పోయాడబ్బా, మంచం కింద ఉన్నాడా, ఊహూ, తలుపు వెనకా, ఇక్కడా లేడే" అంటూ గదంతా తిరుగుతాం కదా, కర్టెన్ దగ్గరికొచ్చి కాసేపు ఆగి మళ్ళీ పక్కకి వెళ్తాం కదా, ఆ ఆగడం ఉంది చూడండి, ఆ రెండు సెకన్లు, వాడు అక్కడ ఊపిరి బిగబట్టి చచ్చేంత సంబరపడతాడు. గేమ్‌లో గార్డు మిమ్మల్ని దాటి వెళ్ళిపోవడం సరిగ్గా అదే. అందులో ఆ పెద్దాయన పాత్ర మాది, కర్టెన్ వెనక పిల్లాడు మీరు. (నలభై ఏళ్ళ ప్లేయర్లకి ఈ మాట చెప్తే కొంచెం కోపమొస్తుంది, తెలుసు.)

ఇది ఇవాళ్టి తెలివి కూడా కాదు. ప్యాక్‌మ్యాన్ 1980లో వచ్చింది, తోరు ఇవతాని డిజైన్ చేసిన ఆట, అందులో నాలుగు దెయ్యాలు ఉంటాయి కదా, నాలుగూ ఒకేలా మీ వెంటపడవు. ఎర్రది మీరున్న గడి మీదికే వస్తుంది. గులాబీది మీ మూతి ఎటు తిరిగి ఉంటే అటు నాలుగు గడుల ముందుకి గురిపెడుతుంది, అందుకే అది ఎప్పుడూ దారికి అడ్డం వచ్చినట్టు ఉంటుంది. నీలందైతే మీకు రెండు గడుల ముందున్న చోటు చూసుకుని, ఎర్రదాని నుంచి అక్కడికి ఒక గీత గీసి, ఆ గీతని రెట్టింపు చేసి అది ఎక్కడ తేలితే అక్కడికి పోతుంది, కాబట్టి ఎర్రది దూరంగా ఉన్నప్పుడు ఇది ఎటుపోతుందో అర్థం కాదు. నారింజది ఎనిమిది గడుల కంటే దూరంలో ఉంటే తరుముకొస్తుంది, దగ్గరికి రాగానే భయపడ్డట్టు తన మూలకి తిరిగి వెళ్ళిపోతుంది. మొదటి లెవెల్‌లో 7 సెకన్లు నాలుగూ తమ తమ మూలలకి వెళ్తాయి, తర్వాత 20 సెకన్లు తరుముతాయి, మళ్ళీ మూలలకి. అంటే మీకు ఊపిరి తీసుకునే టైమ్ లెక్కగట్టి ఇచ్చారన్నమాట. ఆ గులాబీదానిలో ఒక బగ్ కూడా ఉంది, మీరు పైకి చూస్తున్నప్పుడు నాలుగు గడులు పైకే కాకుండా నాలుగు గడులు ఎడమకి కూడా జరిగిపోతుంది దాని గురి, లెక్కలో ఒక అంకె పొంగి పక్క అంకెలోకి పోవడం వల్ల. ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళు ఆ బగ్‌ని పట్టుకుని దానికి ఎదురెళ్ళి తప్పించుకునే ట్రిక్ కూడా కనిపెట్టారు. నాలుగు చిన్న రూల్సు, అంతే, ఆడినవాళ్ళకి మాత్రం నాలుగు స్వభావాలు కనబడ్డాయి. ఆ నాలుగూ ఎప్పుడూ మీ మీదికే వచ్చేలా చేస్తే ఆట మూడు నిమిషాల్లో అయిపోయేది, ఎవడూ రెండో నాణెం వేసేవాడు కాదు.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెప్తా. అప్పుడు నేను పనిచేస్తున్న చోట ఒక షూటింగ్ గేమ్ చేస్తున్నాం, పేరు వద్దులెండి. నేను చాలా మోజుపడి ఒక పని చేశాను, ప్లేయర్ ఒక గోడ వెనక కూర్చుని ఎదురుగా ఉన్న ఇద్దరి మీద కాలుస్తుంటే మూడోవాడు చప్పుడు లేకుండా ఎడమవైపు గదుల్లోంచి చుట్టూ తిరిగి వెనకనుంచి వచ్చి కాలుస్తాడు. దారి వెతకడం, ప్లేయర్ కళ్ళకి కనబడకుండా ఉండే దారినే ఎంచుకోవడం, అన్నీ చక్కగా పనిచేశాయి, నాకైతే గాల్లో తేలినట్టుంది. ప్లేటెస్ట్ పెట్టాం, అంటే జనాన్ని పిలిచి ఆడించి చూడటం. ఒక్కడంటే ఒక్కడు కూడా "అబ్బ, ఎంత తెలివిగా వచ్చాడో" అనలేదు. ఒకాయన హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టేసి "వెనక గాల్లోంచి పుట్టించారు కదా వాణ్ణి, ఇది చీటింగ్" అన్నాడు. ఇంకొకామె ఫారంలో "శత్రువులు ఎక్కడపడితే అక్కడ ప్రత్యక్షమవుతున్నారు, బగ్ అనుకుంటా" అని రాసింది. వారం రోజులు తల పట్టుకున్నాను. చివరికి మా సౌండ్ డిజైనర్ చెప్పిన ఉపాయం, ఆ మూడోవాడు బయల్దేరేటప్పుడు "నేను ఎడమనుంచి వెళ్తున్నా, మీరు వాణ్ణి కదలనివ్వకండి" అని గట్టిగా అరవాలి, దారిలో ఒకచోట గాజు పెంకులు తొక్కాలి. ఏఐ కోడ్ ఒక్క లైన్ మార్చలేదు. తర్వాతి ప్లేటెస్ట్‌లో అదే గది, అదే మూడోవాడు, అదే దారి, జనం మాత్రం "మీ ఏఐ భలే ఉందండీ, టీమ్‌గా ఆడుతున్నారు" అన్నారు. నిజానికి యుద్ధంలో ఉన్నవాడెవడైనా శత్రువుకి వినబడేలా తన ప్లాన్ అరిచి చెప్తాడా, అంతకంటే తెలివితక్కువ పని ఉంటుందా, కానీ ఆ అరుపుతోనే వాళ్ళు తెలివైనవాళ్ళయ్యారు. ప్లేయర్‌కి కనబడని తెలివి గేమ్‌లో తెలివి కింద లెక్కకి రాదు, దొంగాట కింద వస్తుంది. ఈ ఒక్కటి అర్థమైతే మీ ప్రశ్నలో సగం తీరిపోయినట్టే.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ ఫియర్ అనే గేమ్, 2005లో మోనోలిత్ వాళ్ళది. ఇప్పటికీ "శత్రువుల ఏఐ అంటే అదీ" అంటారు, ఇరవై ఏళ్ళయినా. దాని ఏఐ రాసిన జెఫ్ ఆర్కిన్ 2006లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో అంతా విప్పి చెప్పాడు. సైనికుడికి ఉన్న స్థితులు మూడంటే మూడు, ఒకచోటికి వెళ్ళడం, ఒక యానిమేషన్ ఆడటం, ఏదైనా వస్తువుని వాడటం, అంతే. ఆ మూడింటిలో ఏది ఎప్పుడు అన్నది ఒక ప్లానర్ చూసుకుంటుంది, లక్ష్యం ఇస్తే దానికి కావలసిన పనులని వరసలో పేర్చుకుంటుంది, అంటే కాల్చాలి, కాల్చాలంటే తూటాలుండాలి, తూటాల్లేవు, అయితే ముందు లోడ్ చేసుకోవాలి, ఇలా. ఈ ఐడియా కూడా కొత్తది కాదు, 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో షేకీ అని ఒక రోబోని గదుల్లో తిప్పడానికి చేసిన పనిలోంచి వచ్చింది. గేముల్లో క్యారెక్టర్లు దారి వెతుక్కునే ఎ-స్టార్ అల్గారిథమ్ కూడా ఆ రోబో పుణ్యమే, 1968 నాటిది, ఇవాళ కూడా నేను రోజూ వాడతాను. వార్తల్లో ప్రతి వారం "విప్లవం" అని చదివేవాళ్ళకి ఇది కొంచెం నిరాశగా ఉండొచ్చు.

ఫియర్‌లో సైనికులు ఒకరికొకరు సాయం చేసుకుంటున్నట్టు, ఒకడు కాలుస్తుంటే ఇంకొకడు చుట్టి వస్తున్నట్టు అనిపిస్తుంది కదా, అందులో చాలాభాగం యాదృచ్ఛికం. ఎవడికి వాడు మీ కంటబడని మంచి కవర్, అంటే దాక్కునే చోటు, వెతుక్కుంటాడు, ఆ కవర్ మీ పక్కవైపు ఉంటే వాడు చుట్టి వచ్చినట్టు ఉంటుంది. పైన మాటలు కలుపుతారు. పారిపోవడానికి చోటు లేక ఒకడు ఉన్నచోటే కూర్చుండిపోతే ఊరికే కూర్చోనివ్వకుండా "ఎటూ పోవడానికి లేదు" అని వాడిచేత అరిపిస్తారు. ఏమీ చేయలేకపోవడం కూడా ఒక ఆలోచనలాగే వినబడుతుంది అప్పుడు.

ఇంకా సిగ్గుపడాల్సినది చెప్తా వినండి. హేలో అనే షూటింగ్ గేమ్ మొదటిది 2001లో వచ్చింది, దాని డెవలపర్లు మరుసటి ఏడాది కాన్ఫరెన్స్‌లో చెప్పారు, ఏఐ ఏమాత్రం మార్చకుండా శత్రువుల హెల్త్ మాత్రం పెంచి టెస్టర్లకి ఇస్తే వాళ్ళు "ఈ శత్రువులు తెలివైనవాళ్ళు" అన్నారట. అంటే నాలుగు తూటాలకి చచ్చేవాడు మొద్దు, పది తూటాలు తినేవాడు మేధావి. ఆలోచిస్తే అర్థమవుతుంది, వాడు ఏదైనా తెలివైన పని చేసి చూపించాలంటే అప్పటిదాకా బతికుండాలి కదా. అదే గేమ్‌లో చిన్న శత్రువుల నాయకుణ్ణి చంపితే మిగతావాళ్ళు కేకలు పెట్టి పారిపోతారు, అది రాయడానికి పెద్ద బ్రహ్మవిద్య అక్కర్లేదు, కానీ ప్లేయర్‌కి ఎంత చెప్తుందో చూడండి, వీళ్ళకి భయం ఉంది, పై అధికారి ఉన్నాడు, నేను చేసిన పని వీళ్ళకి తగిలింది అని.

అబద్ధాలు ఇంకా చాలా ఉన్నాయి. 2017లో ట్విట్టర్‌లో ఒక డిజైనర్ "మీ గేముల్లో ప్లేయర్‌కి తెలియకుండా చేసే మోసాలేంటి" అని అడిగితే డెవలపర్లు క్యూ కట్టి ఒప్పేసుకున్నారు. బయోషాక్‌లో మీ ప్రాణం తీసే చివరి దెబ్బ తగలాల్సిన చోట ఒకటి రెండు సెకన్లు మీకు ఏదీ తగలదు, "అమ్మో, కాస్తలో బతికాను" అనిపించడానికి. హెల్త్ బార్‌లో చివరి ముక్కకి కనబడేదానికంటే ఎక్కువ ప్రాణం ఉండే గేములు ఉన్నాయి. 2016 డూమ్‌లో శత్రువులందరూ ఒకేసారి మీదపడరు, దాడి చేయాలంటే టోకెన్ కావాలి, టోకెన్లు కొన్నే ఉంటాయి, మిగతావాళ్ళు తమ వంతు వచ్చేదాకా గుర్రుమంటూ అటూ ఇటూ తిరుగుతారు. పదిమంది చుట్టుముట్టారని మీకు గుండె దడదడలాడుతుంటే అక్కడ వాళ్ళు బుద్ధిగా లైన్‌లో ఉన్నారన్నమాట.

ఏలియన్ ఐసొలేషన్ అనే గేమ్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఒక ఏలియన్ మిమ్మల్ని వేటాడే ఆట, 2014ది, నా దృష్టిలో ఈ నటనలో అదే గొప్పది. ఆ ఏలియన్‌కి రెండు బుర్రలు. పైన ఒక డైరెక్టర్ ఉంటుంది, దానికి మీరెక్కడున్నారో ఎప్పుడూ తెలుసు, కానీ అది ఏలియన్‌కి "ఆ చుట్టుపక్కల చూడు" అని మాత్రమే చెప్తుంది. కింద ఏలియన్ తన కళ్ళూ చెవులతోనే వెతుక్కోవాలి. మీరు చాలాసేపు భయపడ్డారు అనిపిస్తే డైరెక్టరే దాన్ని కాస్త దూరం పంపేస్తుంది. ఇంకా ముచ్చటైన విషయం, దాని ప్రవర్తనలో కొన్ని భాగాలు మొదట్లో తాళం వేసి ఉంటాయి, ఆట ముందుకి వెళ్ళేకొద్దీ ఒక్కోటి తెరుచుకుంటాయి, ఆడేవాళ్ళంతా "ఇది నా అలవాట్లు నేర్చుకుంటోంది" అని ప్రమాణం చేసి చెప్తారు. నేర్చుకునే మెషిన్ లెర్నింగ్ అందులో ఏమీ లేదు. తాళంచెవులు ఉన్నాయి అంతే.

సరే, మరి నిజంగా నేర్చుకునే ఏఐల సంగతేంటి అంటారు. వచ్చాయి, గెలిచాయి కూడా. 2019 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ ఫైవ్ అనే ఏఐ డోటా 2 గేమ్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్ టీమ్ ఓజీని 2-0తో ఓడించింది, తర్వాత ఎవరైనా ఆడొచ్చని జనంలోకి వదిలితే 99.4 శాతం మ్యాచ్‌లు గెలిచింది. చప్పట్లు కొట్టాం అందరం. కానీ 99.4 శాతం ఓడిపోయే ఆటని ఎవరు డబ్బులిచ్చి కొనుక్కుంటారు చెప్పండి? అంతకుముందు 2018 డిసెంబర్‌లో డీప్‌మైండ్ వాళ్ళ ఆల్ఫాస్టార్ అనే ఏఐ స్టార్‌క్రాఫ్ట్ 2 గేమ్‌లో ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్ళని 5-0, 5-0తో కొట్టింది (2019 జనవరిలో బయటపెట్టారు), అప్పుడు దానికి కెమెరా కదపాల్సిన పని లేకుండా మ్యాప్‌లో తనకి కనబడే ప్రాంతమంతా ఒకేసారి తెలిసేది. తర్వాత లైవ్‌లో మనలాగే కెమెరా తిప్పుకుంటూ ఆడాలని పెట్టి మానా అనే ఆటగాడితో మళ్ళీ ఆడించారు. ఆ మ్యాచ్ వెతుక్కుని చూడండి. మానా ఒక చిన్న రవాణా విమానంలో ఇద్దరు యోధుల్ని తీసుకెళ్ళి దాని స్థావరం వెనక దింపుతాడు, ఆల్ఫాస్టార్ తన సైన్యం మొత్తాన్ని వెనక్కి తిప్పి పరిగెత్తిస్తుంది, వాళ్ళు రాగానే మానా యోధుల్ని ఎక్కించుకుని తప్పుకుంటాడు, సైన్యం ముందుకి బయల్దేరుతుంది, మళ్ళీ దింపుతాడు, మళ్ళీ మొత్తం సైన్యం వెనక్కి. అలా పిల్లికి దారం చూపించి ఆడించినట్టు ఆడించి గెలిచాడు. మామూలు ఆటగాడైతే రెండోసారికే నలుగురిని అక్కడ కాపలా పెట్టేసేవాడు. అంత పెద్ద మెదడుకి ఆ చిన్న సంగతి తట్టలేదు, బహుశా శిక్షణలో ఆ పరిస్థితి దానికి సరిగ్గా ఎదురై ఉండదు.

గ్రాన్ టురిస్మో అనే కారు రేసుల గేమ్‌లో కార్లు తోలే సోఫీ అనే ఏఐ సంగతి నాకింకా నచ్చుతుంది. సోనీ వాళ్ళు 2022 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో రాశారు, ప్రపంచంలో టాప్ గ్రాన్ టురిస్మో డ్రైవర్లతో 2021 జులైలో పోటీపెడితే ఒంటరి పరుగుల్లో గెలిచింది కానీ టీమ్ రేసులో ఓడింది, అక్టోబర్‌లో అదీ గెలిచింది. వేగంగా తోలడం దానికి కష్టం కాలేదు, మర్యాద నేర్పడమే కష్టమైంది. పక్కకారుని గుద్దకూడదు, కానీ గుద్దితే శిక్ష అని గట్టిగా చెప్తే మరీ పిరికిగా దారిచ్చేస్తుంది, కొంచెం వదులు చేస్తే రౌడీలా తోసుకుంటూ పోతుంది. ఆ మధ్యరేఖ పట్టుకోవడానికే తంటాలు. తర్వాత 2023లో గ్రాన్ టురిస్మో 7లోకి తెచ్చినప్పుడు ఆడేవాళ్ళకి సరిపడేలా దాన్ని తగ్గించే తెచ్చారు. అంటే ఎంత గొప్ప మెదడు తయారుచేసినా చివరికి మళ్ళీ కర్టెన్ దగ్గరికొచ్చి రెండు సెకన్లు ఆగడం నేర్పాల్సిందే.

స్వతంత్రంగా ఆలోచించే క్యారెక్టర్లు కావాలన్నారు కదా, అది కూడా ప్రయత్నించారు. 2006లో ఆబ్లివియన్ అనే గేమ్‌కి రేడియంట్ ఏఐ అని ఒకటి చేశారు, ఊళ్ళో ప్రతి మనిషికీ అవసరాలు, లక్ష్యాలు ఇచ్చి ఎలా తీర్చుకుంటారో వాళ్ళకే వదిలేయడం. డెవలపర్లు అప్పట్లో చెప్పిన ముచ్చట ఒకటుంది, ఒకడికి చీపురిచ్చి దారి ఊడవమన్నారు, ఇంకొకడికి ఆకులు ఏరే పనిముట్టు ఇచ్చి ఆకులు ఏరమన్నారు, తర్వాత ఏమవుతుందో చూద్దామని ఇద్దరి సామాను తారుమారు చేశారు. వాళ్ళు సామాను మార్చుకుంటారేమో అనుకుంటే, ఒకడు రెండోవాణ్ణి చంపేసి తన పనిముట్టు తీసుకుని పనిలో పడ్డాడట. తర్కం ప్రకారం తప్పేం లేదు, లక్ష్యం నెరవేరింది. కానీ ప్లేయర్ ఆ ఊరికి వచ్చేసరికి కథలో మాట్లాడాల్సిన మనిషి శవమై పడుంటే గేమ్ ఎలా నడుస్తుంది. విడుదలయ్యేసరికి దాన్ని బాగా కట్టేసి వదిలారు.

ఇక ఎల్‌ఎల్‌ఎంల దగ్గరికి వద్దాం. 2023 నుంచి పెద్ద పెద్ద కంపెనీలు డెమోలు చూపిస్తున్నాయి, మైక్‌లో ఏదంటే అది మాట్లాడితే క్యారెక్టర్ జవాబిస్తుంది. డెమో బాగుంటుంది. ఒక ఐదు నిమిషాలు. అసలు గేమ్‌లో పెట్టేటప్పుడు మొదటి గొడవ టైమ్. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 16.67 మిల్లీసెకన్లు, అందులో బొమ్మ గీయడం, ఫిజిక్స్, సౌండ్ అన్నీ పోగా నేను చేసిన ప్రాజెక్టుల్లో ఏఐకి మిగిలేది ఒకటో రెండో మిల్లీసెకన్లు, అదీ ముప్పైమంది శత్రువులు పంచుకోవాలి. ఏడు వందల కోట్ల పారామీటర్ల (అంటే లోపల దాచుకునే అంకెల) మోడల్‌ని ఎంత కుదించి ఒక్కో అంకెని 4 బిట్లకి తెచ్చినా 3.5 జీబీ మెమరీ కావాలి, పీఎస్5లో గ్రాఫిక్స్‌తో సహా అన్నింటికీ కలిపి ఉన్నదే 16 జీబీ. సర్వర్‌లో పెడదామంటే గేమ్ ఒకసారి అమ్ముతాం కానీ సర్వర్ బిల్లు మాత్రం ఆడినన్నాళ్ళూ వస్తుంది, పైగా మీరు ప్రశ్న అడిగి వాడు గుటకలు మింగుతూ నిలబడితే మూడ్ పోతుంది.

ఇవన్నీ ఇంజనీరింగ్ తిప్పలు, ఏదో రోజు తీరతాయి, వాటి గురించి నాకు పెద్ద బెంగ లేదు. నా బెంగ అంతా టెస్టింగ్ గురించి. 2025 మేలో ఫోర్ట్‌నైట్‌లో స్టార్ వార్స్ సినిమాల విలన్ డార్త్ వేడర్‌తో మాట్లాడొచ్చని పెట్టారు, వెనక గూగుల్ జెమినై అనే ఎల్‌ఎల్‌ఎం, గొంతేమో సినిమాల్లో ఆ పాత్రకి గొంతిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది (ఏఐతో పుట్టించింది), ఆయన కుటుంబం అనుమతితో. జనం ఏం చేశారు? కాసేపటికే వేడర్‌చేత బూతులు పలికించి వీడియోలు పెట్టారు, గేమ్ వాళ్ళు పరుగున దాన్ని సరిచేసే ప్యాచ్ వేశారు. నటుల యూనియన్ వాళ్ళు ఏఐ గొంతు వాడినందుకు వేరే ఫిర్యాదు పెట్టారు. ప్లేయర్ అనేవాడు అంతే, తలుపిస్తే తోసి చూస్తాడు, నేనైనా అదే చేస్తా. పదివేల డైలాగులు రాసిన గేమ్‌ని కూర్చుని మొత్తం చదివి చెక్ చేయొచ్చు, ఏం మాట్లాడుతుందో దానికే తెలియని క్యారెక్టర్‌ని ఏం చెక్ చేస్తాం? పైగా అది లేని కత్తి గురించి, లేని గుహ గురించి నమ్మకంగా చెప్పేస్తే మీరు రెండు గంటలు ఆ గుహ కోసం తిరుగుతారు.

నాకు అడిగితే మాటల కంటే జ్ఞాపకం ముఖ్యం. 2014లో షాడో ఆఫ్ మార్డోర్ అని వచ్చింది, ఫియర్ చేసిన ఆ మోనోలిత్ వాళ్ళదే, అందులో నెమెసిస్ సిస్టమ్. ఒక ఆర్క్ (రాక్షసుడి లాంటి శత్రువు) మిమ్మల్ని చంపితే వాడికి ప్రమోషన్ వస్తుంది, మళ్ళీ కనబడినప్పుడు "అప్పుడే లేచొచ్చావా" అని ఎగతాళి చేస్తాడు. మీరు వాణ్ణి నిప్పుల్లోకి తోస్తే చచ్చాడనుకుంటారు, తర్వాత మొహం కాలిన మచ్చలతో తిరిగొస్తాడు, పగ గుర్తుపెట్టుకుని. లోపలేముంది అంటే ఒక పట్టిక, పేర్లు, హోదాలు, ఎవడు ఎవణ్ణి ఏం చేశాడు అన్న వివరాలు. ఎల్‌ఎల్‌ఎం లేదు, న్యూరల్ నెట్‌వర్క్ లేదు, అయినా జనం ఆ ఆర్క్‌ల పేర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. కడుపుమంట ఏంటంటే దాని మీద వార్నర్ బ్రదర్స్‌కి 2021లో పేటెంట్ వచ్చింది, 2036 దాకా ఉంటుంది, స్టూడియోని మాత్రం 2025 ఫిబ్రవరిలో మూసేశారు. గేముల్లో తెలివి ఎందుకు పెరగట్లేదు అని అడిగేవాళ్ళు ఈ వార్తని కూడా ఆ లెక్కలో వేసుకోవాలి.

ఒక చిన్న పక్కదారి, ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తా. సివిలైజేషన్ అనే, రాజ్యాలు నడిపే గేమ్‌లో గాంధీ అణుబాంబులు వేయడం బగ్ అని, దూకుడు విలువ 1లోంచి 2 తీసేస్తే సున్నా కిందికి పోలేక లెక్క చుట్టూ తిరిగి 255 అయిపోయిందని నెట్‌లో తిరుగుతుంది కదా, అది కట్టుకథ. ఆ గేమ్ చేసిన సిడ్ మెయర్ 2020లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో స్వయంగా కొట్టిపారేశాడు, 1991 నాటి గేమ్‌లో అలాంటిదేం లేదని. తర్వాత ఐదో భాగంలో ఆ జోకుని నిజం చేస్తూ డెవలపర్లే గాంధీకి అణుబాంబుల మోజు ఎక్కువ పెట్టారు. నిజమైన బగ్ కథ కావాలంటే 2013లో వచ్చిన ఏలియన్స్ కలోనియల్ మెరీన్స్ చూడండి, అందులో ఏలియన్లు తిన్నగా వచ్చి మీద పడటం తప్ప ఏమీ చేసేవి కాదని అందరూ తిట్టారు, ఏళ్ళ తర్వాత ఒక మాడర్, అంటే గేమ్ ఫైళ్ళని తనకి నచ్చినట్టు మార్చుకునేవాడు, సెట్టింగ్స్ ఫైల్ తెరిచి చూస్తే టెథర్ అన్న మాట స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం ఎక్కువుంది. ఆ అక్షరం తీసేస్తే ఏలియన్లు చుట్టి రావడం, దాక్కోవడం మొదలుపెట్టాయి. ఆ వార్త చదివిన రాత్రి నేను నా పాత ప్రాజెక్టు ఫైళ్ళన్నీ తెరిచి స్పెల్లింగులు చూసుకున్నా, సిగ్గులేకుండా చెప్తున్నా, రెండు దొరికాయి.

కాబట్టి సైఫై సినిమాల్లో లాంటి క్యారెక్టర్ ఎప్పుడొస్తుందంటే, దాంతో కూర్చుని కబుర్లు చెప్పుకునే రకం గేములు, డిటెక్టివ్‌లా ప్రశ్నలడిగి అబద్ధం పట్టుకునే రకం గేములు, అలాంటివి ముందు వస్తాయి, అక్కడ మాటే ఆట కాబట్టి. తుపాకీ పట్టుకున్న గార్డుకి మాత్రం నేను ఇంకా చాలాకాలం ఆ మూడు నాలుగు రూల్సే రాస్తాను, వాడు ఇంకా చాలాకాలం "ఏం లేదులే" అనే అంటాడు, ఎందుకంటే వాడు "ఇక్కడే ఎక్కడో ఉన్నాడు, అందరూ రండి, తలుపులన్నీ మూసేయండి, తెల్లారేదాకా ఎవడూ కదలొద్దు" అంటే, నిజంగా బుద్ధున్న గార్డు అనాల్సింది అదే, మీరు ఆ రాత్రంతా ఆ పెట్టె వెనకే కూర్చోవాలి.

నమ్మకం కుదరకపోతే ఫియర్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోండి, పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. నలుగురు సైనికులుండే ఏదైనా ఒక గది రెండుసార్లు ఆడండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి స్పీకర్లు పూర్తిగా ఆపేసి. కోడ్ అదే, గది అదే. రెండోసారి వాళ్ళు ఎలా కనబడ్డారో ఇక్కడే కింద రాయండి, నాకు నిజంగా తెలుసుకోవాలనుంది.